పాతర తెరిచిన రోజు

నెమలిదుర్గపు ఏడు బురుజుల మీద ఎండ నిప్పులు చెరుగుతుండగా, కోట చుట్టూ ఆమడ మేర పరచుకొన్న శత్రు గుడారాలను మూడు నెలలుగా చూసి చూసి కళ్లు కాయలు కాచిన దండనాయకుడు గుండయకు ఆనాడు కోపం వచ్చింది శత్రువుల మీద కాదు, సొంత సభ మీద. రాకుండా ఎట్లా ఉంటుంది? కోట వెలుపలి ప్రాకారమైన మట్టికోటలోని కాపుల జొన్న పాతరలన్నీ తవ్వి, గింజ మిగలకుండా సైన్యానికి పెట్టమని మహాప్రధాని మారనప్రగడ ఆజ్ఞ రాశాడు. పాతరంటే నేలలో లోతుగా గొయ్యి తీసి, గడ్డి పరిచి, గింజ పోసి, పైన మట్టితో మెత్తేది. దాని మంచిచెడ్డలు తెలిసినవాడు సభలో ఒక్కడూ లేడు.

"ఒక్క కాపునైనా పిలిచి అడగండి, ప్రభూ" అని గుండయ ముందురోజే మొత్తుకొన్నాడు.

"మడక పట్టేవాడికి మంత్రాంగమెందుకు, దండనాయకా? రేపు ఎద్దును కూడా పిలుద్దామా?" అని ప్రగడ అంటే సభ సభంతా నవ్వింది.

తెల్లవారి భటులు మొదటి పాతర మూత తీశారు. తీసీ తీయగానే ముగ్గురు లోపలికి దూకారు. ఒక్కడూ పైకి రాలేదు.

"కాపులు విషం పెట్టారు" అన్నాడు ప్రగడ. ఆ పాతర పెదకాపు భార్య, ముసలి పోలమసానిది. ఆమెను కొరత వేయమన్నాడు. రాజు కాటభూపతి మంచివాడే, కాని ప్రగడ మాట తప్ప మరొకటి విని ఎరుగడు. తల ఊపబోయాడు.

గుండయ కత్తిని ఒరతో సహా తీసి రాజు పాదాల చెంత పెట్టాడు.

"ప్రభూ, ముప్పై ఏండ్లు మీ ఉప్పు తిన్నాను. ఈ అవ్వను చంపదలిస్తే ముందు నా తల తీయించండి. కాదంటే పాతర దాకా నడిచి, ఆమె చెప్పేది మీ చెవులతో వినండి."

రాజు లేచాడు.

"దివ్వె దించండి, నాయనా" అంది పోలమసాని, కట్టిన చేతులతోనే. తాడుకు కట్టి దించిన దివ్వె నిలువెడు లోతు పోకముందే కొండెక్కింది. "మూసిన గింజ ఆవిరి, దొరా. తెరిచాక ఒక పగలంతా గాలాడనిస్తాం. దివ్వె నిలిస్తేనే మనిషిని దించుతాం. మా ఇళ్లలో ముక్కు చీదడం రాని పిల్లకు కూడా ఇది తెలుసు."

"మంత్రం వేసింది" అన్నాడు ప్రగడ.

"మంత్రమైతే తమరు విరుగుడు చదువుకొంటూ దిగండి" అన్నాడు గుండయ. ప్రగడ రెండడుగులు వెనక్కి వేశాడు.

"ముందే ఎందుకు చెప్పలేదవ్వా?" అన్నాడు రాజు.

"చెప్పబోతే మీ భటుడు మెడపట్టి గెంటాడు. మాకున్నవి మూడు పాతరలు. రెండు తిండికి, ఇది విత్తనానికి. అడిగుంటే ఆ రెండూ నిన్ననే గాలాడించి, మేమే మోసుకొచ్చేవాళ్లం. విత్తనం కూడా తినేస్తే, శత్రువు పోయాక మీరు ఏలేది దేన్ని, దొరా?"

రాజు తన చేతులతోనే ఆమె కట్లు విప్పి, గుండయ కత్తి గుండయకిచ్చి, ప్రగడ వేలికున్న రాజముద్ర ఉంగరం ఊడదీయించాడు.

మర్నాడు గాలాడాక గాని ఆ ముగ్గురినీ పైకి తీయలేకపోయారు. దహనం ముగిశాక సభలో ప్రగడ పీఠం చూపించి, కూర్చోమన్నాడు రాజు. పోలమసాని దాన్ని ముట్టుకోలేదు. మట్టికాళ్లతో నడిచివచ్చి, రాజు ఎదుట నేల మీదనే చతికిలబడింది.

"ముగ్గురు బిడ్డలు బూడిదయ్యారు, నాకు పీఠమొకటా? తరువాతి ఆజ్ఞ ఏదో చదవండి. వింటాను."