తాళంచెవి లేని జీపు

ఆ ఏడు ఎండలకి నూజివీడు వాళ్ళకే నూజివీడంటే విసుగొచ్చింది. బెజవాడ నుంచి బస్సులో నిలబడి వచ్చిన ప్రైవేటు డిటెక్టివ్ పాండురంగారావుకైతే మనుషులంటేనే విసుగొచ్చింది. ఆయన అసిస్టెంటు శ్రీరాములు మాత్రం గురువుగారు దగ్గినా అందులో క్లూ ఉందనుకునే రకం.

లక్ష్మీనరసింహారావు ఇంటి వరండా స్తంభానికి డ్రైవరు బాలశౌరిని కట్టేసి ఉంచారు. అతని చెంప వాచి ఉంది.

"పొద్దున ముసునూరులో మామిడితోట వేలంపాటండీ!" అన్నాడు లక్ష్మీనరసింహారావు. "తొమ్మిదింటికి చూస్తే జీపు బ్యాటరీ చచ్చి ఉంది. తోశాం, హ్యాండిల్ తిప్పాం, కదిలితేనా! నేను వెళ్ళేలోపు నా పోటీదారు బసవపున్నారావు తోట పాడేసుకున్నాడు. వీడు వాడితో కుమ్మక్కయ్యాడు. మీరు రుజువు చూపిస్తే స్టేషన్లో అప్పజెబుతా."

జీపు తాళంచెవి ఎప్పుడో పోయింది. దాని బదులు మామూలు స్విచ్చి బిగించారు. అది వేసి, కింద బొడిపె కాలితో నొక్కితే స్టార్టవుతుంది. అంటే ఊళ్ళో ఎవరైనా వెయ్యొచ్చు.

"రాత్రి నేను ఆపేసే ఇంటికెళ్ళానండీ," అన్నాడు బాలశౌరి. "పొద్దున వచ్చేసరికి స్విచ్చి వేసే ఉంది."

"ఉంటుందిలే, దాని సంగతెందుకు!" అని కసిరాడు యజమాని.

శ్రీరాములు సీటు మీద అక్షింతలు చూపించాడు. అవి తానే వేశానంది యజమాని భార్య పుష్పవతి.

"తెల్లవారుజామునే వేశానండీ. తర్వాత దుర్ముహూర్తమట."

"మరి ప్రయాణం తొమ్మిదింటికి కదమ్మా?" అన్నాడు పాండురంగారావు.

"నేను పద్ధతి తప్పే మనిషిని కాదండీ," అన్నాడు లక్ష్మీనరసింహారావు మధ్యలోనే.

పాండురంగారావు నిట్టూర్చి, అందరినీ వరండాలో కూర్చోమన్నాడు. తనకి నిలబడే ఓపిక లేదని ముందు తానే కూర్చున్నాడు.

"మంచి ఘడియలో బయలుదేరడం కుదరకపోతే మనవాళ్ళు చేతిసంచి పక్కింట్లో పెట్టొస్తారు. దాన్ని ప్రస్థానం అంటాం. సంచి గడప దాటితే మనిషి బయలుదేరినట్టే. రావుగారూ, మీరేం పెట్టారు?"

"జీపులో వెళ్ళేవాడికి సంచెందుకండీ? జీపునే బయలుదేరదీశా. ఘడియ దాటకుండా కూర్చుని స్విచ్చి వేశా. అంతే, ఇంజను ముట్టుకోలేదు."

"మళ్ళీ ఆపారా?"

"ఆపితే ప్రయాణం ఆగిపోయినట్టు కాదూ?"

శ్రీరాములు నవ్వబోయి, గురువుగారి మొహం చూసి మానుకున్నాడు.

"ఇంజను తిరగకపోయినా స్విచ్చి వేసుంటే కరెంటు పోతూనే ఉంటుందండీ. అసలే ముసలి బ్యాటరీ, తొమ్మిదింటిదాకా ఎక్కడాగుతుంది? స్విచ్చి వేసుందని ఇతను చెప్తే మీరు ఆశ్చర్యపోలేదు. వేసింది మీరే కాబట్టి. బ్యాటరీని చంపిందీ మీరే," అన్నాడు పాండురంగారావు.

పుష్పవతి లేచి కట్లు విప్పింది. ఆమెకి ఏడుపొచ్చింది.

"పోన్లేరా శౌరీ," అన్నాడు లక్ష్మీనరసింహారావు నేల చూపులు చూస్తూ. "తెలియక జరిగింది. రేపు ఆ బ్యాటరీ ఛార్జింగుకి పట్టుకెళ్ళు."

బాలశౌరి మణికట్లు రుద్దుకున్నాడు. కోపం లేకుండానే అన్నాడు.

"స్విచ్చి వేసుందని మీకు పొద్దున్నే చెప్పానండీ. మా పిల్ల చూస్తుండగా కొట్టారు. రేపు ఇంకెవర్నన్నా చూసుకోండి."

చెప్పులేసుకుని మైలవరం రోడ్డు వైపు నడిచాడు. లక్ష్మీనరసింహారావు గేటుదాకా వచ్చి పిలుస్తూనే ఉన్నాడు. అతను వెనక్కి తిరిగి చూడలేదు.