సిర్కాలో గవ్వ

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండర్రా, ఆ టీవీ కట్టేసి. ఇది రెండువేల ఎనిమిది వానాకాలం నాటి మాట.

దేశ రాజధానిలో, కరోల్ బాగ్‌లో చౌమీన్ నూడుల్స్ బండి దగ్గర, ఒకే గొడుగు కింద ఇద్దరు నిలబడ్డారు. కలెక్టరు పరీక్షకు చదవడానికి భీమిలి నుంచి వచ్చిన శ్రీహర్ష ఒకరు, ఆ ఊళ్లోనే ఆర్.కె. పురం సర్కారు క్వార్టర్సులో పెరిగి, సముద్రపు జీవాల ల్యాబులో పనిచేసే అక్షర ఇంకొకరు. ఏడాదిగా స్నేహం. హర్షకు పరీక్ష పోయింది, మర్నాడే ఊరికి రైలు. మనసులో మాట చెబుదామని వచ్చి, వాన గురించీ రైలు గురించీ మాట్లాడాడు. చివరికి జేబులోంచి గవ్వ ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"మా ఊరిది. నువ్వు ఉంచుకుంటే..."

"అచ్ఛా! భలే టైముకి తెచ్చావ్, మా ల్యాబు సంగతి చూపిస్తా. భయ్యా, థోడా సిర్కా!"

అక్కడ వెనిగర్‌ని సిర్కా అంటారు. గిన్నెలో అది పోయించుకుని, అక్షర గవ్వని అందులో పడేసింది. చుట్టూ బుడగలే బుడగలు.

"చూశావా? ఇది ఘాటు కాబట్టి గవ్వ గబగబా కరుగుతోంది. సముద్రంలో ఇదే మెల్లిగా. కార్ల పొగ, బొగ్గు పొగ నీళ్లలో కరిగి, సముద్రం రవ్వంత రవ్వంత పులుపు వైపు జరుగుతోంది. గుల్లలు కట్టుకునే సరుకు తగ్గిపోతోంది."

హర్ష వింటేగా! మెరుపు పోయి సుద్దముక్కలా మారుతున్న గవ్వనే చూస్తున్నాడు. కాదనడానికి ఇంత తతంగమా? "ఠీక్ హై," అని వానలోకి దిగిపోయాడు.

"అరే, గొడుగు!" అక్షర వెంట పరుగెత్తింది. "ఏమైంది?"

"నువ్వు సిర్కాలో వేసింది గవ్వని కాదు, నన్ను."

ఆమెకు అప్పుడు వెలిగింది. "హే భగవాన్! గవ్వ ఇవ్వడమంటే అదా? ఇంత నోరుంది, అడగొచ్చుగా!"

"ఇప్పుడు అడుగుతున్నా. రేపు రైలెక్కనా, మాననా?"

అక్షర మొహంలో నవ్వు ఆరిపోయింది. "ఎక్కెయ్. నాతో సుఖం ఉండదు. రాబోయే కాలపు సముద్రంలాంటి నీళ్లు తొట్లో పోసి ఆల్చిప్ప పిల్లల్ని పెంచాం. ఆరుసార్లు. గుల్ల నిలవక చచ్చిపోయాయి హర్షా. రిపోర్టు పంపితే చదివినవాళ్లు లేరు. వాటిని తినే చేపలేం కావాలి? ఆ చేపలమీద బతికే మీ ఊరివాళ్లేం కావాలి?"

"ఆపలేమా?"

ఆమె రోడ్డు వైపు చూపించింది. కార్లు కదల్లేక నిలబడి, ఒకటే పొగ. "ఇవాళే అన్నీ ఆపినా, సముద్రం మళ్లీ మామూలు కావడానికి వేల ఏళ్లు. రోజూ చావులు చూసి ఇంటికొస్తాను. నన్ను నవ్వించలేవు."

హర్ష తడిసిన మొహం తుడుచుకుని అడిగాడు.

"మీ ల్యాబులో రెండో కుర్చీ ఉందా?"

"ఎందుకు?"

"ఒక్కదానివే కూర్చుని ఆ చావులు చూడకుండా."

అక్షర గొడుగు అతని వైపు జరిపింది. "స్టూలే ఉంది," అంది ఏడుస్తూ.

రైలు అతను లేకుండానే వెళ్లింది. పెళ్లిలో ఆమె నాన్న త్యాగరాజుగారు అక్షింతలు వేస్తూ, ఇద్దరూ నవ్వుతూ ఉండండని దీవించారు. దీవెన సగమే ఫలించింది. ఇద్దరూ కలిసే ఉన్నారు, నవ్వే లేదు. ఏడోసారి తొట్లో పెంచిన ఆల్చిప్ప పిల్లలూ బతకలేదు.

రేపు మీ పిల్లలు సముద్రపొడ్డున నిలబడి, తెలిసి కూడా అందరూ ఊరుకున్నారా అని అడుగుతారు. ఇద్దరు ఊరుకోలేదని, వాళ్ల పేర్లతో సహా చెప్పండర్రా. మరిచిపోకండి.