వంకలు లేని కెమెరా

"ఇదింకా పనిచేస్తోందా?" అన్నాడు కెమెరా షాపు కుర్రాడు, ఆమె కౌంటర్ మీద పెట్టిన చిన్న పాత డిజిటల్ కెమెరాను అటూ ఇటూ తిప్పి చూస్తూ. బ్యాటరీ మూత ఊడకుండా దెబ్బలకు వేసే ప్లాస్టర్ అంటించి ఉంది.

"చేస్తోంది. మీకంటే చిన్నదే వయసులో," అంది ఆమె చురచురా చూస్తూ.

ఆమె పశువుల డాక్టరు. వీధికుక్కలకు వైద్యం చేసి, ఫొటోలు తీసి, పెంచుకునేవాళ్ళను వెతికిపెడుతుందట. చిక్కల్లా ఒక్కటే. బటన్ నొక్కాక ఈ కెమెరా తీరిగ్గా ఆలోచించి ఫొటో తీసేసరికి కుక్క వెళ్ళిపోయి తోక మిగులుతోంది.

"తోకను చూసి ఎవరు పెంచుకుంటారు చెప్పండి?"

అతనికి నవ్వాగలేదు. ఆమె కూడా నవ్వేసింది. ఆ నవ్వుతో అతని పని అయిపోయింది.

"కెమెరాలు పోల్చాలంటే ఒకే వెలుతురులో, ఒకే వస్తువును ఫొటో తీసి చూడాలండీ," అన్నాడు గొంతు సవరించుకుని.

"అయితే ఆ వస్తువేదో మీరే అయిపోండి."

అప్పట్నుంచి ప్రతి శనివారం ఆమె రావడం, అతను కిటికీ పక్కన కదలకుండా నిలబడటం, ఆమె ఒక్కో కెమెరాతో అతన్ని ఫొటో తీసి చూడటం. రంగులు సరిగ్గా పోల్చాలి కదా అని ప్రతిసారీ అదే నీలం షర్టు వేసుకొచ్చేవాడు. శుక్రవారం రాగానే దాన్ని తనే ఉతికి ఇస్త్రీ చేసుకుంటుంటే వాళ్ళమ్మ వింతగా చూసేది.

తీరా ఆమె దేని మీదైనా ముచ్చటపడితే ఏదో ఒక వంక పెట్టేవాడు. ఇది బరువండీ, మెడ లాగేస్తుంది. దానికి జూమ్ బాగుంది గానీ, చీకటి పడితే చేతులెత్తేస్తుంది.

షాపు అతని బాబాయిది. కొన్నాళ్ళు ఊరుకుని, ఒక శనివారం పొద్దున్నే పిలిచాడు.

"ఒరేయ్, నిన్ను పెట్టుకుంది అమ్మడానికా, కొనేవాళ్ళని మాన్పించడానికా? ఇవాళ ఆ అమ్మాయికి సరైన కెమెరా నువ్వు చూపిస్తావా, నన్ను చూపించమంటావా?"

సరైనదేదో అతనికి మొదటిరోజే తెలుసు. చేతిలో ఇమిడిపోతుంది, పరిగెత్తే జంతువు కన్ను ఎక్కడున్నా దానంతటదే పట్టుకుంటుంది. తన స్వార్థం కోసం ఇన్నాళ్ళూ ఆ మూగజీవాలకు తోకల ఫొటోలే మిగిల్చానని అతనికి సిగ్గేసింది. ఆమె రాగానే దాన్ని తీసి చేతికిచ్చాడు.

ఆమె ఒక్క ఫొటో తీసి చూసింది. "ఇదే!"

అతను కావాలనే మెల్లగా ప్యాక్ చేస్తున్నాడు. ఆమె బ్యాగులోంచి ఒక కవరు తీసి మొహమాటంగా ముందుకు జరిపింది.

"ఏమీ అనుకోకండి. ఎప్పుడొచ్చినా ఇదే షర్టు... ఇంకోటి ఉంటే బాగుంటుందని."

లోపల కొత్త తెల్ల షర్టు ఉంది. అతను తలపట్టుకున్నాడు.

"నాకు బీరువా నిండా షర్టులున్నాయండీ! షర్టు మారితే రంగులు పోల్చడం కుదరదని..."

ఆమె చెవులదాకా ఎర్రబడింది. "ముందే చెప్పొచ్చుగా! వారమంతా మీ గురించే ఆలోచించి చచ్చాను."

"వారమంతానా?"

"అది సరే, ఈ కెమెరా మొదటిరోజే ఎందుకు చూపించలేదు?"

"నచ్చితే కొనేస్తారు. కొంటే మళ్ళీ రారు," అనేశాడు. ఇక దాచడానికేం మిగల్లేదు. "మీరు రాని శనివారాన్ని తలుచుకుంటేనే భయమేసిందండీ. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమె కెమెరా పెట్టెను దగ్గరకు లాక్కుంది. పెదవుల మీద నవ్వు మాత్రం ఆగలేదు.

"దీన్ని వాడటం మీరే నేర్పాలి. మా ఆసుపత్రికొచ్చి."

"ఎన్నాళ్ళు రావాలండీ?"

"మీ పెద్దవాళ్ళు వచ్చి మా ఇంట్లో మాట్లాడేదాకా."

అలమరా వెనక నుంచి బాబాయి గొంతు వినిపించింది. "అంత ఆలస్యం దేనికి తల్లీ? రేపు షాపుకు ఎలాగూ సెలవు. పొద్దున్నే వచ్చేస్తాం."