రాయి వేసి పోయే బావి

ఆ బావి పక్కగా పోయేవాళ్ళెవరూ లోపలికి తొంగి చూడరు. నడక ఆపకుండానే కింద ఓ రాయి ఏరుకుని, లోపలికి విసిరి, చకచకా వెళ్ళిపోతారు. ఎందుకని అడిగితే ఒకటే మాట — "నోరు తెరవకుండా."

ఎవరు నోరు తెరవకుండా?

అది మాత్రం ఎవరూ చెప్పరు.

ఈ సంగతి మా చిన్నక్క చెప్పింది. ఒక్కసారే చెప్పింది, మళ్ళీ అడిగితే లేచి వెళ్ళిపోయింది. అప్పుడు తను పురావస్తు శాస్త్రం చదువుతోంది. వేసవి సెలవుల్లో అందరి పిల్లలూ ఇంటికొచ్చి నిద్రపోతుంటే, వీళ్ళు మాత్రం తట్టా పారా పట్టుకుని తవ్వకాలకి పోయేవాళ్ళు. "ఇంట్లో చీపురు ముట్టని పిల్ల, అక్కడ పొద్దస్తమానం మట్టి ఊడుస్తోందట" అని మా అమ్మ నవ్వేది.

నిజంగానే ఊడ్చేవాళ్ళు. అయిదింటికల్లా లేచి, ఎండ ముదిరేలోపు తవ్వాలి. తీసిన ప్రతి తట్టెడు మట్టీ జల్లెడ పట్టాలి. గోరంత పెంకు దొరికినా కొలిచి, ఫోటో తీసి, చీటీ రాసి సంచిలో వెయ్యాలి. మధ్యాహ్నం డేరాల కింద కూచుని, పాత పళ్ళు తోముకునే బ్రష్షులతో ఆ పెంకులు కడగాలి. సాయంత్రం వాటి బొమ్మలు గియ్యాలి. ఆరుగురు విద్యార్థులు, ఒక మాస్టారు, పదిమంది కూలీలు, వాళ్ళ మేస్త్రీ. చుట్టూ కూలిన రాతి ప్రహరీ, మధ్యలో ఆ బావి. మనిషి అలికిడంటే, అర కిలోమీటరు అవతల కంకర కొట్టే క్రషరూ, దాని కాపలాదారూ, అంతే.

ఆ ఏడు బావి పని అక్కకీ, తన తోటి కుర్రాడొకడికీ పడింది. చువ్వలా పొడుగ్గా ఉంటాడని వాణ్ణందరూ కొలబద్ద అనేవాళ్ళు. బావి ఎప్పుడో ఎండిపోయింది. పైన మూడు ఇనప కాళ్ళు నిలబెట్టి, గిలక కట్టి, నడుముకి తాడు బిగించుకుని దిగేవాళ్ళు.

పై రెండు మీటర్లూ రాళ్ళే. దారినపోయేవాళ్ళు వేసినవి. తీసి గట్టు మీద గుట్ట పోశారు. ఆ కింద మట్టి. మట్టి కింద మళ్ళీ రాళ్ళు...

ఈసారి రాళ్ళ మధ్య ఎముకలు.

అక్కకి ఎముకల మీదే చదువు. ఏడుగురివని తేల్చింది.

"చచ్చాక పడేసినవాళ్ళు కాదు మాస్టారూ. ఇవి చూడండి — ఏడుగురికీ మోచేతి కింద ఒకేచోట విరిగింది."

మాస్టారు తన చెయ్యి నెమ్మదిగా ఎత్తి, ముఖానికి అడ్డం పెట్టుకుని చూసుకున్నారు.

"పైనుంచి కొట్టారు" అన్నారు చివరికి. "వీళ్ళు కాచుకున్నారు."

గట్టు మీద నిలబడి మేస్త్రీ ఇదంతా విన్నాడు. ఆ సాయంత్రం పనిముట్లు సర్దుతూ అక్క దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, పొద్దుగూకాక ఇటు రాకండి. పిలిస్తే పలక్కండి. మరీ ఆగకపోతే — ఓ రాయి వెయ్యండి. ఊరుకుంటుంది."

ఆ రాత్రే మొదలైంది.

ముందు గాలనుకున్నారు. కాసేపటికి ఆ గాలికి మాటలొచ్చాయి.

"దాహం... దాహం..."

ఒక్కసారి కాదు. తెల్లారేదాకా.

రెండో రాత్రి ఇంకా గట్టిగా వినిపించింది. మాస్టారు టార్చి తీసుకుని ఒక్కరే వెళ్ళారు. బావి అంతా వెలుతురు తిప్పి చూశారు. అడుగున ఎముకలు, వాటి మీద కప్పిన గుడ్డ — అంతే. మనిషన్నవాడు లేడు. ఆయన తొంగి చూస్తున్నంతసేపూ గొంతు ఆగింది. వెనక్కి తిరిగాక మళ్ళీ మొదలైంది.

"గాలే" అన్నారు వచ్చి. కానీ తెల్లారేదాకా టార్చి ఆర్పలేదు.

తెల్లారేసరికి కూలీలు లేరు. మేస్త్రీ మూట భుజాన వేసుకుని చెప్పకుండా పోయాడు. వేరే మనుషుల్ని తెస్తానని మాస్టారు వ్యాను తీసుకుని పట్నం బయల్దేరారు. "రేపు పొద్దున్నే వచ్చేస్తా. డేరాలు దాటకండి" అన్నారు.

మూడో రాత్రి ఆరుగురూ ఒకే డేరాలో ముడుచుకు కూచున్నారు. లాంతరు మధ్యలో. ఎవరి ఊపిరి వాళ్ళకే వినిపిస్తోంది.

"దాహం..."

అది అలవాటైన గొంతే. తరవాత వచ్చినది అలవాటైనది కాదు.

డేరా బయట... అడుగుల చప్పుడు.

"పిల్లలూ..."

ఎవరూ కదల్లేదు. అక్క గబుక్కున లాంతరు ఆర్పేసింది.

"పిల్లలూ... పలకరేం?"

డేరా గుడ్డ మీద ఎవరో చేత్తో తట్టారు. అక్క నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి అడుగులు బావి వైపు వెళ్ళిపోయాయి. గిలక కిర్రుమంది. తరవాత — దబ్బుమని ఒక చప్పుడు. ఆపైన బావి లోపల్నించి ఒక కేక లేచింది. అది మనిషి కేకలా లేదంటుంది అక్క. గోడలకి కొట్టుకుని, నాలుగు గొంతులై పైకొచ్చింది.

"తాడు... తాడు..."

అరగంట. గంట. ఆగలేదు.

కొలబద్ద ఉన్నట్టుండి లేచాడు. మూడు రాత్రులుగా కన్ను మూయని మనిషి. "చాలింక! ఇవాళ దీని నోరు మూయిస్తా" అంటూ డేరా గుడ్డ చీల్చుకున్నంత పని చేసి బయటికి ఉరికాడు. మిగతావాళ్ళూ వెనకే పరిగెత్తారు. ఒక్కళ్ళే డేరాలో మిగిలిపోవడం అంతకన్నా భయం.

గట్టు మీద రాళ్ళ గుట్ట సిద్ధంగానే ఉంది.

కొలబద్ద మొదటి రాయి విసిరాడు. లోపల ఏదో పటుక్కుమంది. కేక మారిపోయింది.

"వద్దు! వద్దమ్మా... వద్దు..."

తరవాత ఎవరు ఎన్ని విసిరారో తెలీదు. ఎవరూ తొంగి చూడలేదు. తల పక్కకి తిప్పుకుని, కళ్ళు మూసుకుని, రెండు చేతులా ఎత్తి విసిరారు. తిట్టుకుంటూ, ఏడుస్తూ విసిరారు. "నేను మూడు వేశానురా" అంది అక్క నాతో. "మూడోది ఎత్తలేక ఎత్తలేక ఎత్తి మరీ వేశాను."

గుట్ట సగం అయిపోయేసరికి లోపల చప్పుడు ఆగింది.

అప్పుడు వాళ్ళు నవ్వారట. ఆరుగురూ. ఒకళ్ళ భుజాలు ఒకళ్ళు పట్టుకుని, కడుపు పట్టుకుని నవ్వారు. స్టవ్ వెలిగించి టీ కాచుకు తాగారు. మూడు రాత్రుల నిద్ర ముంచుకొచ్చి, ఎక్కడివాళ్ళక్కడే పడిపోయారు.

తెల్లవారుతుండగా అక్కకి మెలకువ వచ్చింది. ముఖం కడుక్కుందామని లేచి, ఎందుకో బావి వైపు చూసింది.

గిలక కాలికి ఒక తాడు కట్టి ఉంది. వీళ్ళది నైలాను తాడు. ఇది కొబ్బరి తాడు. దాని కొస రాతి అంచుకి ఒరుసుకుని తెగింది. గట్టు మీద ఒక జత చెప్పులు, శ్రద్ధగా పక్కపక్కనే విడిచి ఉన్నాయి.

దెయ్యానికి చెప్పులెందుకు?

అక్క తొంగి చూసింది. అడుగున, రాళ్ళ మధ్య, ఖాకీ చొక్కా.

క్రషర్ దగ్గర రాత్రి కాపలా కాసే మనిషి.

అక్క అరుపుకి కొలబద్ద వచ్చాడు. చూశాడు. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పోయాడు" అన్నాడు మెల్లగా. "ఇంక మనం చేసేదేం లేదు. మిగతా రాళ్ళు కూడా తోసేద్దాం. ఈ బావిలో రాళ్ళుంటే ఎవడడుగుతాడు?"

"నేను దిగుతున్నా. తాడు పట్టుకో."

"దిగావంటే మనందరం జైల్లోనే. విను నా మాట!"

అక్క వినలేదు. తనే నడుముకి తాడు బిగించుకుని, గోడ సందుల్లో కాళ్ళు పెట్టుకుంటూ దిగడం మొదలెట్టింది. సగం దూరం పోయాక పైన వెలుతురు మూసుకుపోయింది. తలెత్తి చూసింది.

గట్టు అంచున కొలబద్ద. రెండు చేతులా ఎత్తిపట్టుకున్న బండరాయి.

"పైకి రా" అన్నాడు. ఏడుస్తున్నాడు. "దండం పెడతా, పైకొచ్చెయ్. లేకపోతే..."

అక్క చెయ్యి దానంతటదే లేచి ముఖానికి అడ్డం వచ్చింది. ఆ ఏడుగురూ పెట్టుకున్నట్టే. ఎంతసేపలా వేలాడిందో తనకి తెలీదు.

అప్పుడు కింద్నించి మూలుగు వినిపించింది.

"అమ్మా..."

అది కొలబద్దకీ వినిపించింది. రాయి వాడి చేతుల్లోంచి వెనక్కి, గట్టు మీదికి జారింది. అక్కడే కూలబడి తల బాదుకున్నాడు. అక్క అడుగుకి దిగి ఆ మనిషికి తాడు కట్టాక, మళ్ళీ వాడే లేచి, అరచేతులు చీరుకుపోతున్నా వదలకుండా పైకి లాగాడు.

మాస్టారి వ్యాను వచ్చేసరికి కాపలాదారు బతికే ఉన్నాడు. ఆస్పత్రికి చేర్చారు. పోలీసులడిగితే జరిగింది జరిగినట్టు చెప్పింది అక్క. కొలబద్ద తల దించుకుని అవునన్నాడు. ఆరుగుర్నీ కాలేజీ ఏడాదిపాటు పక్కన పెట్టింది. కేసు చాలాకాలం నడిచింది.

కానీ అక్క నాకు చెప్పాలనుకున్నది అది కాదు.

ఆయన్ని చేర్చిన నాలుగో రోజు తను ఆస్పత్రికి వెళ్ళింది. మంచం మీద ఆయన తలకి కట్టు, చేతికి కట్టు. డాక్టరు అన్న మాట తన చెవుల్లోనే ఉంది — అన్ని రాళ్ళు పడితే ఒంటి మీద రెండే దెబ్బలు, ఇదెలా కుదిరిందో తనకే అర్థం కావడం లేదని.

అక్క ఆయన కాళ్ళు పట్టుకుంది.

"ఊరుకో తల్లీ, చిన్నపిల్లలు, భయపడ్డారు" అన్నాడాయన. గొంతు బొంగురుపోయింది. "డేరా దగ్గర పిలిచాను కూడా. మీరు పలకలేదు. రెండు రాత్రులుగా దాహం దాహం అని ఒకటే అరుపు, మా క్రషర్ దాకా వినిపిస్తోంది. మీలో ఎవరో పడిపోయారేమో అనుకున్నా. మనిషి అరుస్తుంటే ఎలా ఊరుకుంటాం? అందుకే దిగా."

అక్క ఆయన కాళ్ళు వదిలేసి తలెత్తింది.

"నాకు తగిలినవి మొదటి రెండే" అన్నాడాయన. "ఆ తరవాత చీకట్లో ఎవరో వచ్చి నా మీద బోర్లా పడుకున్నారు. బక్కపలచని మనిషి... రాళ్ళన్నీ ఆయన వీపు మీదే పడ్డాయి. కిక్కురుమనలేదు పాపం."

ఆయన తల కొద్దిగా ఎత్తి, వార్డులో మంచాలన్నీ ఒక్కొక్కటే వెతికాడు.

"ఆయనకెలా ఉందమ్మా?"