నాలుగు ఇస్పేట్లు పాడని మనిషి

"ఆ ముక్కలు చేతిలో పెట్టుకుని పాస్ అనేవాణ్ణి ఇంకొకణ్ణి చూపించు. ఒక్కడు చాలు."

లీనా హైకినెన్ స్కోరు కాగితాన్ని తన జోడీదారు వాల్ట్ బ్రూగర్ ముక్కు ముందు ఊపుతూ అంది. డులూత్‌లో సరస్సు ఒడ్డున ఉన్న హోటల్లో, బ్రిడ్జి టీముల ఫైనల్ ఆరు పాయింట్ల తేడాతో ఓడిపోయి పది నిమిషాలైనా కాలేదు.

"నువ్వు ఆలోచించావు," అన్నాడు వాల్ట్.

"ఆలోచించడం నేరమా?"

"నీకు కాదు. నాకు."

బ్రిడ్జిలో పాట నోటితో పాడరు. పెట్టెలోంచి కార్డు తీసి బల్ల మీద పెడతారు. జోడీదారు కార్డు పెట్టేముందు చాలాసేపు ఆగితే, ఆ ఆగడమే ఏదో చెబుతుంది. అది విననట్టే ఉండాలి. అదీ ఆ ఆటలో మర్యాద.

ఇరవైమూడో పంపకంలో లీనా ఒక ఇస్పేటు పాడింది. అవతలివాళ్లు రెండు ఆటీన్లు అన్నారు. వాల్ట్ రెండు ఇస్పేట్లు అన్నాడు. అవతలివాళ్లు ఒక్క గెంతులో నాలుగు ఆటీన్లకి పోయారు. అప్పుడు లీనా కళ్లు పైకప్పుకేసి పెట్టి నిమిషంన్నర కూర్చుంది. చివరికి ఇక పాడనని ఆకుపచ్చ పాస్ కార్డు పెట్టింది.

వంతు వాల్ట్‌కి వచ్చింది. అతని చేతిలో ఇస్పేట్లు నాలుగు, ఆటీను ఒక్కటే. నాలుగు ఇస్పేట్లు పాడదగ్గ చెయ్యే. "ఆవిడ ఆగింది కాబట్టి నేను పాడకూడదు," అనుకున్నాడు. తన నిజాయితీకి తానే మురిసిపోతూ పాస్ కార్డు పెట్టాడు. అవతలివాళ్లు నాలుగు ఆటీన్లు సునాయాసంగా చేసేశారు. పక్క గదిలో ఇవే ముక్కలతో అవతలి టీమువాళ్లు నాలుగు ఇస్పేట్లు పాడి, అవీ చేసేశారు. రెండు వైపులా దెబ్బే. ఆ మురిపెం విలువ పదమూడు పాయింట్లు.

పక్క గదిలో లీనా, వాల్ట్‌ల టీము తరఫున ఆడిన పీటర్సన్ దంపతులు కాఫీ కప్పులతో వచ్చారు. ఎడ్నాకి డెబ్బై దాటాయి, గొంతుకి మాత్రం ఇరవై.

"మేం అక్కడ చచ్చీ చెడీ పాయింట్లు పోగుచేస్తుంటే, ఈ మహానుభావుడు ఇక్కడ దానధర్మాలు మొదలుపెట్టాడు!"

"పోనీలేవే, పద్ధతి ప్రకారం ఆడాడు," అన్నాడు ఆమె భర్త క్లైడ్.

"ఆ పద్ధతేదో నీకూ ఉండాల్సింది. పెళ్లాడమని అడిగితే నేను మూడు వారాలు ఆలోచించాను. అది చూసి నాకు ఇష్టమేనని నీకు నువ్వే తేల్చేసుకుని ఉంగరం కొనుక్కొచ్చావు."

"తేల్చుకోకపోతే ఇవాళ హాయిగా చేపలు పట్టుకుంటూ ఉండేవాణ్ణి."

లీనా నవ్వలేదు. గోడ గడియారం చూసింది. నాలుగుంపావు.

వాల్ట్ కూడా చూశాడు. అయిదింటికి ఆమె రస్ టోలివర్‌కి జవాబు చెప్పాలి. రస్‌ది మినియాపొలిస్. పెద్ద ఆటగాడు. వచ్చే ఏడాదినుంచి తనకి జోడీగా ఆడమని లీనాని అడిగాడు. ఆ మాట ఆమె మధ్యాహ్నం భోజనం దగ్గర వాల్ట్‌కి చెప్పింది. చెప్పి, సూప్ చెంచా గాల్లోనే ఉంచి చాలాసేపు ఆగి, "నువ్వేమంటావ్?" అంది.

వాల్ట్ ఆ చెంచాని చూశాడు. చూడనట్టే ఉన్నాడు. "బాగా ఆడతాడు. వెళ్లు," అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వాల్ట్ పాత పడవ మోటార్ల వ్యాపారి. కొట్టుకి వచ్చినవాడు "అబ్బే, వద్దులెండి" అనేముందు రెప్పపాటు ఆగితే చాలు, ఆ మోటారు వాడి బండి ఎక్కినట్టే. పద్నాలుగేళ్లుగా మనుషుల తటపటాయింపు మీదే బతుకుతున్నాడు. అలాంటివాడు రెండేళ్లుగా ఒక్క మనిషి దగ్గర మాత్రం బల్ల మీది రూలు బల్ల దిగాక కూడా పాటిస్తున్నాడు. బండి దగ్గర ఆమె తాళాలు వెతుక్కుంటున్నట్టు నటిస్తూ నిలబడితే, "గుడ్ నైట్" చెప్పి వెళ్లిపోయేవాడు. అది మర్యాద అనుకునేవాడు. పిరికితనానికి ఇంత శుభ్రమైన పేరు దొరకడం అతని అదృష్టం.

"సరే, పాస్ అనేవాడు ఒక్కడైనా ఉన్నాడేమో అడుగుదాం," అన్నాడు వాల్ట్. "డైరెక్టర్లు చేసే పనేగా."

ఇలాంటి తగువు వస్తే పోటీ నడిపించే డైరెక్టరు ఆ చేతిని, అంటే అందులోని ముక్కల్ని, కాగితం మీద రాసి నలుగురు ఆటగాళ్లకి చూపిస్తాడు. జోడీదారు ఆగిన సంగతి చెప్పడు. నువ్వైతే ఏం పాడతావని అడుగుతాడు. పాస్ అనేవాళ్లు కొందరైనా ఉంటే, పాడినవాడిది తప్పు. అందరూ పాడతామంటే, ఎవరు ఎంతసేపు ఆగినా పాడినవాడికి ఏ దోషమూ లేదు.

వాల్ట్ తన ముక్కలు రాసిన కాగితం పట్టుకుని హాలంతా తిరిగాడు. రిటైరైన పాస్టరు కళ్లజోడు పెట్టుకోకుండానే "నాలుగు ఇస్పేట్లు" అన్నాడు. కోటు వేసుకుంటున్న లాయరు రెండో చెయ్యి దూర్చకముందే అదే మాట అన్నాడు. థండర్ బే నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లిద్దరూ ఒకేసారి అన్నారు.

"పాస్ అంటే?" అని ఆశగా అడిగాడు వాల్ట్.

"పాసా?" చెల్లెలు అక్కవైపు తిరిగింది. "ఎవరే పాపం, ఒంట్లో బాగాలేదా?"

ఐదోవాణ్ణి అడక్కుండానే వెనక్కి వచ్చాడు.

లీనా కిటికీ దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. సరస్సు మీద పొగమంచు. సన్నటి వాన అద్దం మీద గీతలు గీస్తోంది. ఆమె క్లోకే ఊళ్లో పశువుల డాక్టరు. మొండికేసిన గుర్రాన్ని చూసినట్టు చూసింది అతన్ని.

"ఎంతమంది?"

"నలుగురికి నలుగురూ."

"మరి?"

"నువ్వు ఆగకపోయినా పాడాల్సిందే. నా ముక్కలే చెబుతున్నాయి." కుర్చీలో కూలబడ్డాడు. "రూలు నన్ను ఆపలేదు. నేనే రూలుని అడ్డం పెట్టుకున్నాను."

లీనా అతని చేతిలోంచి కాగితం లాక్కుని వెనక్కి తిప్పి, కలం తీసింది. "ఇంకో చెయ్యి ఉంది. దీనిమీదా నీ అభిప్రాయం చెప్పు."

"చెప్పు."

"ఒక మగమనిషి. ఊరు ఆష్లాండ్. వాళ్లింటికి మూడు వీధుల అవతలే బ్రిడ్జి క్లబ్బు. అక్కడా గురువారమే ఆట. అయినా రెండేళ్లుగా ప్రతి గురువారం డెబ్బై మైళ్లు బండి నడుపుకుంటూ డులూత్ వస్తాడు."

"ఇక్కడ ఆట బావుంటుంది," అన్నాడు వాల్ట్.

"మాట్లాడకు, ఇంకా పంచుతున్నాను. మంచు తుఫానులోనూ వచ్చాడు. ఆ రోజు ఆటే లేదు. తనతో జోడీగా ఆడే ఆవిడ కుక్క చచ్చిపోతే, పేకముక్కల ఊసెత్తకుండా మూడు గంటలు పక్కన కూర్చున్నాడు. ఆవిడ కాఫీలో ఎన్ని పాలు పోయాలో ఆవిడకంటే అతనికే బాగా తెలుసు." లీనా కలం మూత పెట్టింది. "ఏం పాడాలి?"

వాల్ట్ చెవులు ఎర్రబడ్డాయి. "ఆవిడ... మధ్యలో ఎక్కడైనా ఆగిందా?"

"అది నీకు చెప్పరు. రూలు."

వాల్ట్ లెక్క వేశాడు. జీవితంలో ఇంత సులువైన లెక్క ఎప్పుడూ రాలేదు. ఇంతసేపు ఎప్పుడూ పట్టలేదు.

"పాస్ అనేవాడు ఒక్కడు కూడా దొరకడు," అన్నాడు చివరికి.

"నలుగురి సంగతి వద్దు. నువ్వేం పాడతావ్?"

"లీనా, రస్ నాకంటే బాగా ఆడతాడు. అది నిజం. కానీ గురువారం నేను వచ్చేది ఆటకోసం కాదు. నీకోసం. ఆట లేని రోజుల్లో కూడా రావాలని ఉంది. రోజూ రావాలని ఉంది. ఇది ముందే చెప్పాల్సింది. చెప్పలేదు. పాత మోటార్లు అమ్మినంత ధైర్యం కూడా లేకపోయింది."

"రా," అంది లీనా. అతని నోరు ఇంకా మూతపడనే లేదు.

"కాస్త ఆలోచించుకో."

"ఆలోచిస్తే నువ్వు పాస్ అంటావు. నీ ముందు ఆలోచించకూడదని నాకు రెండేళ్లకి తెలిసింది."

అవతలి బల్ల దగ్గర ఎడ్నా, క్లైడ్ ఒక చెర్రీ కేకు ముందు పెట్టుకుని, అసలు ఇటువైపు చూడనంత శ్రద్ధగా తింటున్నారు. ఒకే ఫోర్కుతో.

అయిదవుతోంది. హాలు గుమ్మం దగ్గర పొడుగ్గా రస్ కనిపించాడు.

"మరి రస్‌తో ఆడమంటావా?" అడిగింది లీనా.

ఆడు అనాలి. అది న్యాయం. ఆమెకున్న ప్రతిభకి అదే సరైన జోడీ. వాల్ట్ ఆ మాట అనడానికే నోరు తెరిచాడు. కిటికీ మీద ఒక వాన చినుకు మొదలై, జారి, కింద చట్రం దాకా వచ్చేసింది.

"...ఆడు," అన్నాడు.

"ఆగావు," అంది లీనా.

"లేదే."

"ఆగావు. నేను చూశాను." ఆమె చొక్కా సర్దుకుంది. ఆ రోజంతటికీ మొదటిసారి నవ్వింది. "ఇది బల్ల కాదు కదా. నేను లెక్కలోకి తీసుకుంటున్నాను."

అని, రస్‌కి కుదరదని చెప్పడానికి గుమ్మంవైపు నడిచింది.