రెండు మెట్లు పెంచిన పాట

పాట ఎవరిది? కట్టినవాళ్ళదా, పాడినవాళ్ళదా?

అక్కకు ఈ సందేహం ఇవాళ్టిది కాదు, ఏళ్ళనాటిది. పొద్దున్నే స్నానం చేసి ప్రార్థనకు కూర్చున్నప్పుడల్లా అదే అడిగేది. "బాణీ కట్టే బుద్ధి నాకిచ్చావు, గొంతు మాత్రం చెల్లికిచ్చావు. ఒక్కరికే రెండూ ఇస్తే నీ సొమ్మేం పోయేది స్వామీ?" దేవుడు ఏనాడూ బదులు చెప్పలేదు. కానీ ఆ వేళకి వంటింట్లోంచి చెల్లెలి పాట వినబడేది. అదే జవాబనుకుని, కళ్ళు తుడుచుకుని లేచేది.

కొన్ని వారాలుగా వంటింట్లోంచి పాట రావడం లేదు. ఆ పొద్దున కూడా గరిటె చప్పుడు, నీళ్ళ చప్పుడు, మధ్యలో ఎవరో ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్న చప్పుడు మాత్రమే వచ్చాయి.

"గువ్వా, ఆ పుక్కిలింతలో కూడా రాగం ఉందే!" అన్నాడు బావ, టిఫిన్ బాక్సు కోసం వంటింట్లోకి వస్తూ. ఆయనకు వీధి చివర వెల్డింగ్ షాపుంది. మరదల్ని చిన్నప్పటి నుంచీ గువ్వ అనే పిలుస్తాడు. ఇంట్లో అందరికీ అదే అలవాటైపోయింది.

గువ్వ నవ్వలేదు. "డాక్టరు గొంతులో ఏమీ లేదంటున్నాడు బావా. ఏమీ లేకపోవడమే నా జబ్బేమో. వారం వారం ప్రార్థనలో పాడ్డానికి ఇంకెవరినైనా చూసుకోమని ప్రార్థన నడిపేవాళ్ళకి చెప్పేశాను."

"అదేంటే, పదేళ్ళ నుంచి నువ్వే కదా పాడుతున్నావు?"

"పాడేదాన్ని. అందరి ముందూ గొంతు పగిలాక మళ్ళీ ఏ మొహం పెట్టుకుని పాడను?"

అక్క ఉప్పు డబ్బా మూత తీసి చెల్లెలి ముందు పెట్టింది.

గువ్వకు కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం. అక్కేమో బడిలో సంగీతం టీచరు. సాయంత్రాలు ఇద్దరూ కీబోర్డు ముందు కూర్చునేవారు. అక్క వేళ్ళతో వెతికిన బాణీని గువ్వ గొంతుతో పట్టుకునేది. అలా పదేళ్ళలో తయారైంది 'అవతలి ఒడ్డు' అనే పాటల నాటకం. రేవులో పడవ నడిపే ఒంటరి ఆడమనిషి కథ అది. వంతెన వస్తుందని తెలిసి కూడా ఆమె పడవకు రంగు వేయించుకుంటుంది. ఆ పాటలన్నీ గువ్వ ఊపిరి కొలత తీసుకుని కుట్టిన బట్టల్లాంటివి.

నాటకం రాయడం ఒక ఎత్తు, ఆడించడం ఒక ఎత్తు. హాలు అద్దె, వాయిద్యాలవాళ్ళు, దుస్తులు, చక్రాల మీద నడిచే పడవ, అన్నిటికీ డబ్బే. అక్క ఎక్కని గడప లేదు. ఒకాయన "పాటలెందుకండీ, మాటలు చాలవూ?" అన్నాడు. ఇంకొకాయన "మాటలెందుకండీ, పాటలు చాలవూ?" అన్నాడు. చివరికి మోటారు పంపులు అమ్మే పెద్దమనిషి ఒకాయన, గోడౌన్లో పంపుల పెట్టె మీద కూర్చుని నాటకమంతా విన్నాడు. గువ్వ పాడుతుంటే కళ్ళు ఒత్తుకున్నాడు. పెట్టుబడి పెడతానన్నాడు.

గువ్వ బయటికి వెళ్ళాక మాత్రం గొంతు తగ్గించి, "మీ చెల్లెలు బాగా పాడిందమ్మా. కానీ పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా. టీవీలో చూసిన మొహమైతే టికెట్లు తెగుతాయి. ఆలోచించుకోండి, నిర్ణయం మీదే" అన్నాడు.

అంతే. ఆయన షరతు పెట్టలేదు, బెదిరించలేదు. అయినా అక్క భయపడింది. చేతికందిన కూడు నోటికందకుండా పోతుందేమోనని భయం. ఆ మాట చెల్లెలి మొహం మీద చెప్పడానికి ఇంకా భయం. అందుకే ఆడిషన్ పెట్టి, ఒక టీవీ నటిని కూడా పిలిచింది. అందరికీ ఒకటే పాట, ఎవరు బాగా పాడితే వాళ్ళకే వేషం అంది.

ఆ రోజు కీబోర్డు దగ్గర కూర్చున్నది అక్కే. కీబోర్డు మీద శ్రుతి మార్చే చిన్న మీట ఒకటి ఉంటుంది. దాన్ని రెండుసార్లు నొక్కితే పాట మొత్తం రెండు మెట్లు పైకి జరుగుతుంది. వేళ్ళు మాత్రం అలవాటైన చోటే ఆడతాయి, చూసేవాళ్ళకు తేడా తెలియదు. గువ్వ వంతు రాగానే అక్క ఆ మీటను రెండుసార్లు నొక్కింది. ఆమె పాడడం అయిపోయి టీవీ నటి రాగానే, మళ్ళీ రెండుసార్లు దించింది.

గువ్వ గొంతు పాట ఎత్తులో పగిలిపోయింది. హాల్లో అందరూ తలలు దించుకున్నారు. "క్షమించండి, ఇవాళ గొంతు ఎందుకో..." అని ఆమె రెండు చేతులూ జోడించింది. తర్వాత అక్క దగ్గరికొచ్చి, "నీ పాట పాడుచేశానే" అని కన్నీళ్ళు పెట్టుకుంది.

ఆ మాటే అక్కను తినేస్తోంది. అయినా నిజం చెప్పలేకపోయింది. చెబుదామని నోరు తెరిచిన ప్రతిసారీ ఉప్పు డబ్బా అందించి ఊరుకుంది.

బావతో ఆ మాటలైన రోజు సాయంత్రం బడి హాల్లో రిహార్సల్. బావ చేసిన ఇనుప పడవ కిర్రుకిర్రుమంటూ స్టేజి మీద తిరుగుతోంది. గువ్వ షాపు నుంచి తిన్నగా వచ్చి, పడవవాళ్ళ దుస్తులకు గుండీలు కుడుతూ ఓ మూల కూర్చుంది. వేషం రాకపోయినా పని మానలేదు ఆ పిల్ల. టీవీ నటికి షూటింగ్ ఆలస్యమైందని ఫోనొచ్చింది.

"హీరోయిన్ లేకుండా పడవ ఎటు తిప్పాలో ఎలా తెలుస్తుందండీ?" అని డాన్సు మాస్టరు తల పట్టుకున్నాడు. "గువ్వగారూ, మీకు పాటలన్నీ వచ్చు కదా. ఊరికే సన్నగా అనండి చాలు."

"నా గొంతు పోయింది మాస్టారూ."

"పోతే పోయింది, మాటలన్నా అనండి. మావాళ్ళకి అడుగులు కావాలి."

అక్క వద్దనబోయింది. ఏమని వద్దంటుంది? కిరాయికి వచ్చిన కుర్ర వాద్యగాడు అసలు శ్రుతిలోనే వాయించడం మొదలుపెట్టాడు. సూది చేతిలో పట్టుకునే గువ్వ లేచి నిలబడి గొణిగినట్టు అందుకుంది.

"నీళ్ళకు గుర్తుండదు ఎవరిని దాటించానో
నాకు గుర్తుంది, నన్ను దాటించిన చేయి..."

ఎత్తు దగ్గరికి రాగానే భయపడి కళ్ళు మూసుకుంది. గొంతు పగల్లేదు. తలుపు తీసినంత తేలిగ్గా పాట పైకి వెళ్ళి, అక్కడ నిలబడి, నెమ్మదిగా దిగింది. పడవ తోసేవాళ్ళు తోయడం మర్చిపోయారు.

గువ్వ కళ్ళు తెరిచి వాద్యగాణ్ణి అడిగింది. "బాబూ, నా కోసం ఏమైనా తగ్గించావా?"

"లేదండీ. టీచరుగారు రాసిచ్చిందే. మొదటి నుంచీ ఇదే."

గువ్వ అక్క వైపు చూసింది. అక్క చూపు తిప్పుకుంది. ఆ తిప్పుకోవడంలోనే అంతా తెలిసిపోయింది. గువ్వ మిగిలిన గుండీ కూడా కుట్టి, దారం పళ్ళతో కొరికి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

అక్క ఇల్లు చేరేసరికి కీబోర్డు వంటింటి బల్ల మీద ఉంది. గువ్వ దాని ముందు కూర్చుని ఉంది.

"ఎన్ని మెట్లు?"

"గువ్వా, నేను చెప్పేది విను..."

"ఎన్ని మెట్లు పెంచావక్కా?"

"రెండు."

గువ్వ రెండుసార్లు మీట నొక్కి, స్వరం వాయించి చూసుకుంది. "రెండేనా! ఇంకో రెండు పెంచితే అక్కడే చచ్చేదాన్ని కదా, పీడ వదిలేది."

"ఆయన టీవీ మొహం కావాలన్నాడే..."

"కావాలన్నాడా? కావాల్సిందేనన్నాడా?"

అక్క తల దించుకుంది. "ఆలోచించుకోమన్నాడు."

"మరి ఆలోచించి నాకు చెప్పొచ్చుగా! 'గువ్వా, నీకు వేషం లేదే' అంటే ఏడ్చేదాన్ని, రెండు రోజులు అన్నం మానేసేదాన్ని, మూడో రోజు వచ్చి గుండీలు కుట్టేదాన్ని. అంతేగా! వేషం తీసుకుంటే తీసుకున్నావు, నా గొంతు మీద నాకున్న నమ్మకం తీసుకోవడమెందుకు? నెలరోజుల నుంచి పుక్కిలిస్తున్నానే నేను! నువ్వు పక్కన నిలబడి ఉప్పు అందించావు!"

బావ గుమ్మంలో నిలబడిపోయాడు. చేతిలో పడవ చక్రం ఉంది. ఇద్దరి మొహాలూ చూసి, చక్రం మెల్లగా నేల మీద పెట్టాడు.

"బావా, నీకు తెలుసా ఇది?" అంది గువ్వ.

"నాకు ఇనుము అతకడం తెలుసు గాని, మీ ఇద్దరి మధ్య ఏం విరిగిందో తెలీదమ్మా."

గువ్వ ఒక్క ముక్కలో చెప్పింది. ఆయన తలుపు దగ్గరకి వేసి లోపలికి వచ్చాడు. భార్య వైపు చూసి, "కంచే చేను మేసిందన్నమాట" అని మాత్రం అన్నాడు. ఎప్పుడూ నవ్వించే మనిషి ఆ మాట అనేసరికి అక్క కుర్చీ లాక్కుని చెల్లెలి ఎదురుగా కూర్చుంది.

"ఏం చేయమంటావే? నాటకం ఆపేయమంటే ఆపేస్తాను. నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్లు పెట్టకు, ఇప్పటికే చాలా పెట్టావు. నాటకం ఎందుకాపడం? దాంట్లో నా పదేళ్ళూ ఉన్నాయి. నాకు వేషం కూడా వద్దు. ఆ రోజు అక్కడ తలలు దించుకున్నారు చూడు, వాళ్ళందరి ముందూ జరిగింది చెప్పు. నా మీద జాలిపడ్డవాళ్ళకి నిజం తెలియాలి."

"పరువు పోతుందే. పెట్టుబడి కూడా పోవచ్చు."

"నాది పోలేదా?"

ఆ రాత్రి అక్క ప్రార్థనలో ఏమీ అడగలేదు. అడిగే అర్హత ఉందనిపించలేదు.

మర్నాడు రిహార్సల్‌కు అందరూ వచ్చారు. పంపులాయన ముందు వరసలో కూర్చున్నాడు. టీవీ నటి కాళ్ళకు గజ్జెలు కట్టుకుంటోంది. గువ్వ రాలేదు. అక్క కీబోర్డు పక్కన నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. చెప్పడమే కాదు, ఆ మీట నొక్కి రెండు శ్రుతులూ వినిపించింది.

మొదట కోపం వచ్చింది టీవీ నటికి. చేతిలోని గజ్జెలు బల్ల మీదికి విసిరింది.

"అంటే నేను గెలవలేదా? ఇన్నాళ్ళూ మా అమ్మకి 'బాగా పాడి తెచ్చుకున్నానమ్మా' అని చెప్పుకుంటున్నాను! మీ చెల్లెల్నే కాదు టీచరుగారూ, నన్ను కూడా అవమానించారు."

అక్కకు ఆ సంగతి అప్పటిదాకా తట్టలేదు. తను చేసిన తప్పు ఒక్క చెల్లెలికే తగిలిందనుకుంది. "నిజమేనమ్మా. నీకూ చేశాను. క్షమించమని అడగడానికి కూడా నోరు రావడం లేదు" అంది.

పంపులాయన గొంతు సవరించుకున్నాడు. "నేను నీళ్ళు పైకెక్కించే వ్యాపారం చేస్తున్నానమ్మా. మీరు నన్ను మించిపోయారు." ఎవరూ నవ్వలేదు. ఆయన తల దించుకుని మళ్ళీ అన్నాడు. "ఆ పిల్ల పాటకు ఏడ్చింది నేనే. అది బయటికి వెళ్ళాక పెరటిచెట్టు అన్నదీ నేనే. ఆ మాట దాని ముందు అనగలిగేవాణ్ణా? ఈ పాపంలో నాకూ వాటా ఉంది. డబ్బు వెనక్కి తీసుకోను గాని, ఇకమీదట ఆడిషన్లో మీరు కీబోర్డు ముట్టుకోవద్దు."

టీవీ నటి గజ్జెలు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "నాకు వారం మధ్యలో షూటింగులుంటాయి. ఆ రోజుల్లో ఆవిడ పాడాలి. దయతో అనడం లేదు, నన్ను ఆవిడతో పోల్చి చూడనివ్వండి జనాన్ని. గెలిస్తే అప్పుడు గెలుస్తాను."

ఆ కబురు విని గువ్వ ఎగిరి గంతెయ్యలేదు. "ఆలోచించుకోనీ" అంది. వారమంతా అక్కతో ఉప్పు, పప్పు మాటలు కూడా నేరుగా మాట్లాడలేదు. బావే మధ్యలో ఇద్దరికీ రాయబారం నడిపాడు. "మీ చెల్లెలు పెరుగు కావాలంటోంది." "మీ అక్క అయిపోయిందంటోంది." ఒకరోజు విసిగిపోయి, "నేను వెల్డర్నా, పోస్టుమాన్నా?" అని అరిచేసరికి, ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆపుకున్నారు గాని, వచ్చింది.

వారం చివర సెలవురోజు పొద్దున గువ్వ వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది.

"వారం మధ్య ఆటలు నేను పాడతానక్కా. నిన్ను పూర్తిగా క్షమించి కాదు. అది ఎప్పటికవుతుందో నాకే తెలీదు."

"తెలిసినప్పుడే చెప్పు."

"ఇంకోటి. ప్రార్థనలో మళ్ళీ పాడతానని వాళ్ళకి చెప్పాను. నాటకంలో ఊళ్ళోవాళ్ళందరికీ పాటలు రాశావు, పడవకి కూడా రాశావు. దేవుడి ముందు పాడుకోడానికి నాకొక్క చిన్న పాట కట్టివ్వమని ఎన్నేళ్ళ నుంచి అడుగుతున్నాను? 'రేపు, రేపు' అంటూనే ఉన్నావు."

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంది. "కట్టాను. ఈ వారమే, నువ్వు మాట్లాడని రోజుల్లో."

కీబోర్డు తేవడానికి లేవబోతుంటే గువ్వ చెయ్యి పట్టుకుని ఆపింది. "అది వద్దు. నువ్వే పాడి చెప్పు."

"నేనా? నా గొంతు సంగతి తెలిసి కూడా..."

"తెలుసు. పాడు."

"ఏ శ్రుతిలో ఎత్తుకోను?"

"నీకు అందేచోట."

అక్క గువ్వ పక్కనే గడప మీద కూర్చుని మొదలుపెట్టింది. బొంగురు గొంతు. రెండో చరణం ఎత్తులో అది పగిలిపోయింది. ఆమె ఆపలేదు, పగిలిన గొంతుతోనే చివరిదాకా పాడింది. గువ్వ కళ్ళు మూసుకుని ఒక్కో మాటా వింది. పాట అయిపోయాక చెంపలు తుడుచుకుంది.

"చాల్లే. అందింది" అంది గువ్వ. అక్క ఎక్కడ ఎత్తుకుందో సరిగ్గా అక్కడే ఎత్తుకుని పాడసాగింది.