తాతయ్య చిగురు ఎందుకు మానలేదు?

“మళ్లీ రక్తమా!” అంటూ డాక్టరమ్మ నా వైపు చూసింది, పంటి చిగురు కోయించుకున్నది నేనే అయినట్టు.

కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నది మా తాతయ్య. ఆయన చిగురుకు ఆపరేషనై ఐదు వారాలు. ఈ డాక్టరమ్మ ఎవరి సాయం లేకుండా చేసిన మొదటి ఆపరేషన్ అదే. ప్రతి గురువారం తాతయ్యను చూపించడానికి తీసుకొచ్చేది నేను. మొదటి వారమే, ఆమె మాస్కు తీసి నవ్వగానే, నాకు మతి పోయింది.

“డెబ్బై ఎనిమిదేళ్లు కదండీ, వయసు వల్లేమో?” అన్నాను.

“వయసు వల్ల ఆలస్యమవుతుంది. కొత్త కణాలు నెమ్మదిగా పుడతాయి, చిగురుకి రక్తం తక్కువగా అందుతుంది. మీకు వారంలో మానేది ఆయనకి మూడు వారాలు పట్టొచ్చు. అంతేగానీ అసలు మానకపోవడమేంటి? ఇంట్లో కూడా రక్తమొస్తోందా?”

“చుక్క కూడా రాదండీ. నిన్న బిస్కెట్లు కరకరా నమిలేశారు.”

“మరి ఇక్కడికొచ్చేసరికే ఎందుకు?”

నాకేం తెలుసు! బుర్ర గోక్కున్నాను.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “నా చేతిలోనే ఏదో లోపముంది. వచ్చేవారం నుంచి పెద్ద డాక్టర్‌గారు చూస్తారు.”

ఐదు వారాల్లో నేను ఆమెను అడిగిందల్లా ఉప్పునీళ్లు ఎంత వేడిగా ఉండాలని. ఇక ఆ భాగ్యమూ లేదన్నమాట.

తాతయ్య చటుక్కున లేచి కూర్చున్నాడు.

“నీ చెయ్యి బంగారం తల్లీ! తప్పు నాది. బయల్దేరే ముందు గట్టి బ్రష్షుతో సరిగ్గా అక్కడే రుద్దుతున్నా. పుండు మానిపోతే ఈ మొద్దావతారం నీతో మాట్లాడేదెప్పుడు? ఐదు వారాలైనా వీడికి నోరు పెగల్లేదు!”

నేను డాక్టరమ్మ వైపు తిరిగాను. “ఒట్టండీ, నాకేం తెలీదు!”

“అది సరే. ఏం మాట్లాడాలనుకున్నారు?”

“మీరంటే... నాకు చాలా ఇష్టమండీ.”

ఆమె కాగితం అందుకుంది. చీటీ రాసి తాతయ్య చేతిలో పెట్టింది. “మెత్తటి బ్రష్షు వాడండి. మళ్లీ రుద్దారో, ఊరుకోను. వచ్చే గురువారం నేనే చూస్తా.” తర్వాత నా వైపు తిరిగింది. “మీరు మాత్రం ఆయనతో రావద్దు.”

అయిపోయింది నా పని. కాళ్లీడ్చుకుంటూ తలుపు దాకా నడిచాను.

“ఎక్కడికి? పూర్తిగా వినరా?” వెనకనుంచి ఆమె గొంతు. “పేషెంటుకి తోడొచ్చినవాళ్లతో నేను కాఫీకి వెళ్లను. అందుకే ఆయన్ని ఇంకెవరితోనైనా పంపండి. మీరొక్కరే సాయంత్రం ఆరింటికి గేటు దగ్గరుండండి.”